ఇంగ్లీషులో ఉన్నంతకాలం

"అత్తయ్యా, నేను బయట చేరాను" అన్నాను పెరటి గుమ్మంలో నిలబడి, వసారాలో చింతపండు పిక్కలు తీస్తున్న మా అత్తగారికి వినబడేలా. అది అబద్ధం. ఇంకా పొయ్యి రాజెయ్యలేదు. రాజేశాక చెబితే వండినవన్నీ పారబొయ్యాలి, అంత పాపం నేను చెయ్యను. కడగాల్సిన బియ్యం, బుట్టెడు దొండకాయలు, చిలకాల్సిన పెరుగు, తోటలో పనివాళ్ళకి పంపాల్సిన మజ్జిగ, అన్నీ ఎక్కడివక్కడ వదిలేసి వచ్చేశాను. మా అత్తగారు సుబ్బరత్నమ్మగారు చేతిలో పిక్కని చేటలోకి విసిరేసి, "మళ్ళీనా! మొన్న మొన్ననేగా తలకి పోసుకున్నావు. ఇదేం ముదనష్టపు ఒళ్ళే తల్లీ నీది" అంది. నేను తల దించుకుని పశువుల కొష్టం పక్కనున్న గదిలోకి వెళ్ళి, చాప పరుచుకుని, చెంబు దగ్గర పెట్టుకుని పడుకున్నాను. నడుము చాపకి ఆనినప్పుడు పుట్టిన సుఖం నేను పెళ్ళిలో కూడా ఎరగను.

మీరు నన్ను తిడతారేమో. తిట్టండి. అంతకుముందు ఒక వేసవి మా ఇంటికొచ్చి నాలుగు రోజులుండి, ఆ తర్వాత తిట్టండి. మావి నూజివీడు చుట్టుపక్కల పేరున్న తోటలు. చిన్నరసాలు, పెద్దరసాలు, బంగినపల్లి. సీజను వచ్చిందంటే మా ఇల్లు ఇల్లు కాదు, సత్రం. కాపు కొన్న వ్యాపారులు, వాళ్ళ గుమాస్తాలు, బండివాళ్ళు, లారీవాళ్ళు, బెజవాడ నుంచి "ఏదో పళ్ళు తినిపోదామని" వచ్చే బంధువులు. వాళ్ళకి పళ్ళు తోట ఇస్తుంది, అన్నం నేను వండాలి. ఒకసారి ఉండబట్టలేక మా ఆయనతో నడుం నొప్పిగా ఉందండీ అన్నాను. ఆయన పేరు వెంకటకృష్ణారావు. ఊళ్ళో మంచి మనిషని పేరు, ఆ పేరు అబద్ధమని నేనూ అనను. "తోటలో గంపలు మోసేవాళ్ళకి లేని నొప్పి నీడపట్టున కూర్చునేదానికి వచ్చిందా?" అని నవ్వారు. కోపంగా కూడా అనలేదు, నవ్వుతూనే అన్నారు. నేను కూర్చోవడం ఆయన ఎప్పుడు చూశారో అని ఆ రోజంతా ఆలోచించాను, నిలబడే.

జ్వరం వస్తే కషాయం ఇచ్చేవారు, కషాయం తాగి వండేదాన్ని. పిల్లలిద్దరి పురుళ్ళకీ పుట్టింటి నుంచి వచ్చిన మర్నాడే రుబ్బురోలు ముందు కూర్చున్నాను. తద్దినానికి, పండక్కి, చుట్టం చచ్చిపోయి మైల వచ్చినప్పుడు కూడా నా పనికి సెలవు లేదు. ఒక్క ఆ మూడు రోజులు మాత్రం పొయ్యి దగ్గరికి రానివ్వరు. ఈ ఇంట్లో నన్ను వద్దు అన్నది ఆ ఒక్కసారే. ఆ మూడు రోజులూ వంట అత్తగారు చేస్తుంది, తిట్టుకుంటూ. నాకు దూరం నుంచి విస్తట్లో పెడుతుంది. నా పిల్లలు గడప అవతల నిలబడి "అమ్మా, ఎప్పుడొస్తావు" అంటారు, ముట్టుకోనివ్వరు, ఆ మాటకి మాత్రం ఏడుపొచ్చేది. ఏడ్చి నిద్రపోయేదాన్ని. ఒక సీజనులో, ఒళ్ళు పచ్చిపుండై ఉన్నప్పుడు, ఇంకా రోజు రాకుండానే నోట్లోంచి ఆ మాట వచ్చేసింది. పిడుగు పడలేదు. అలా మొదలైంది. తర్వాత నెలకి రెండుసార్లు చేరేదాన్ని, ఒకటి దేవుడిచ్చింది, ఒకటి నేను పుచ్చుకున్నది. మా ఆయన కంగారుపడి నూజివీడు నుంచి అశోకారిష్టం తెచ్చారు. లేని జబ్బుకి ఆ చేదు మందు ముక్కు మూసుకుని తాగుతూనే ఉన్నాను.

ఆ రోజు సరిగ్గా కన్ను మూతపడబోతుంటే వాకిట్లోంచి ఆయన కేక వినబడింది. "అమ్మా! మన హైమకి ప్రైజు వచ్చిందే!" హైమావతి మా ఆడపడుచు, ఆయన ఒక్కగానొక్క చెల్లెలు. ఆడపిల్లకి యూనివర్సిటీ చదువేమిటని ఊరంతా నోరు నొక్కుకున్నా, పోయిన మా మావగారి మాట మీద ఎమ్మే చదువుతోంది. మామిడి తోటల్లో పనిచేసే ఆడకూలీల మీద రాసింది. ఏటా ఇచ్చే ప్రైజులు ఇంగ్లీషులో లావుపాటి పుస్తకాలు రాసినవాళ్ళకేనట. ఈ ఏడు కొత్తగా ఇంకొకటి పెట్టారట. చదువుకునే పిల్లలు రాసింది జనానికి పనికొచ్చేదిగా ఉండాలి, ఎవరి గురించి రాశారో వాళ్ళకి అర్థమయ్యే మాటల్లో ఉండాలి. దాన్ని తేలిక తెలుగులో చిన్న పుస్తకంగా వేసి, ఆ ఊరికే వెళ్ళి, వాళ్ళందరినీ కూర్చోబెట్టి చదివి వినిపించాలి. అప్పుడే ప్రైజు. మా ఆయన గది బయట నిలబడి ఇవన్నీ నాకు చెప్పి, "మన ఊళ్ళోనే మీటింగు. పందిరీ, మైకూ నేను చూసుకుంటాను. పాతికమందికి భోజనాలు ఉంటాయి, నువ్వు ఈలోగా లేచిరా" అని వెళ్ళిపోయారు. ఆయనకి ఎంత సంతోషమో నడకలోనే తెలుస్తోంది. నాకు మాత్రం నిద్ర ఎగిరిపోయింది.

ఎందుకంటే ఆ పుస్తకంలో ఏముందో నాకు తెలుసు. కిందటి వేసవి సెలవుల్లో హైమ ఇక్కడే ఉండి వివరాలు సేకరించింది. కూలీల గూడేనికి వెళ్ళి, "మీరు ఎదుర్కొంటున్న ఇబ్బందులేమిటి?" అని రేడియోలోలాగా అడిగేది. ఆడవాళ్ళు కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వి, "ఏం లేవండీ, అంతా బాగానే ఉందండీ" అనేవాళ్ళు. పాపం పిల్ల మొహం వేలాడేసుకుని వచ్చేది. "వదినా, నువ్వు రా. నీతో అయితే మాట్లాడతారు" అని బతిమాలింది. మా అత్తగారు గొణిగినా, కూతురి చదువు కాబట్టి మధ్యాహ్నం పూట పోనిచ్చింది.

దుర్గ ఇంటి ముందు పందిట్లో కూర్చున్నాం. దుర్గ మొగుడు సాంబయ్య మా తోటలోనే కాయలు కోస్తూ కొమ్మ విరిగి పడ్డాడు. నడుం పోయి మంచం పట్టాడు. దుర్గ ఒక్కతే ఆ ఇల్లు ఈదుతోంది. చింతలపూడి వైపు పిల్ల, నోరు మంచిది, చెయ్యి అంతకంటే చురుకు. పక్కనే కాళ్ళు చాపుకుని ముసలి అచ్చమ్మ. మాటల్లో నేను, "పూత దశ నుంచీ ముట్టుదాని నీడ పడితే పిందె రాలుతుందంటారు కదా, మరి మీకు ఆ రోజులొస్తే ఏం చేస్తారే?" అన్నాను. మా ఇంట్లో ఆ మాట అనం, బయట అంటాం, దూరం అంటాం. గూడెంలో ఆ మొహమాటం లేదు. దుర్గ అచ్చమ్మ వైపు చూసి పకపకా నవ్వింది. "ఏం చేస్తామమ్మా? పాత గుడ్డ బిగించి కట్టుకుని గంపెత్తుకుంటాం. చెప్తే రానివ్వరుగా. మూడు రోజులు ఇంట్లో కూర్చుంటే ఇంటిల్లిపాదీ పస్తే. కోతలున్నన్నాళ్ళేగా మాకు చేతినిండా పని, ఆ తర్వాత నాట్లు పడేదాకా గాలి మేతే. ఇన్నేళ్ళుగా మోస్తున్నాం, మీ కాయ ఎప్పుడన్నా పుచ్చిందా చెప్పండి?" అంది. నాకు ఎక్కడలేని నవ్వూ వచ్చింది, దుఃఖమూ వచ్చింది. "ఓసి నీ ఇల్లు బంగారం గానూ! నువ్వు ఉన్నా లేదంటావు, నేను లేకపోయినా ఉందంటాను" అన్నాను. చెప్పేశాను. కొష్టం పక్క గదీ, తాగుతున్న అశోకారిష్టం, అన్నీ చెప్పేశాను. అచ్చమ్మ నవ్వి నవ్వి దగ్గొచ్చి పడిపోయింది. దుర్గ మాత్రం నవ్వు ఆపి, "అంత పనా అమ్మా మీకు?" అంది మెల్లిగా. పెళ్ళయ్యాక నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి అదే.

హైమ కళ్ళు ఇంతింత చేసుకుని వింది. "వదినా, ఇది రాసుకోవచ్చా? దుర్గదీ, నీదీ?" అంది. దుర్గ భయపడి నావైపు చూసింది. "దేంట్లో రాస్తావు?" అని అడిగాను. "ఇంగ్లీషులోనేగా" అంది. "అయితే రాసుకో తల్లీ. మీ అన్నయ్య ఇంగ్లీషు ఎస్సెల్సీ దగ్గరే ఆగిపోయింది. మైలవరం నుంచి జి.కొండూరు దాకా ఉన్న తోటల యజమానులందర్నీ కూర్చోబెట్టినా ఒక్క పేజీ చదవలేరు" అన్నాను. దుర్గకి ధైర్యం వచ్చింది. ఆ ఇంగ్లీషు మీద మాకు అంత నమ్మకం. ఏం రాసుకున్నా అది సముద్రంలో వేసినట్టే అనుకున్నాం.

మీటింగుకి రెండు రోజుల ముందు హైమ వచ్చింది, సంచీ నిండా చిన్న చిన్న పుస్తకాలతో. నేను లేచి, తలకి పోసుకుని, మినప్పప్పు నానబోసే పనిలో ఉన్నాను. పక్కకి పిలిచి, "నా సంగతి కూడా తెలుగులో రాశావా?" అని అడిగాను. "ఛ, లేదు వదినా. నీది పూర్తిగా తీసేశాను. అమ్మకి తెలిస్తే నిన్ను బతకనిస్తుందా?" అంది. హమ్మయ్య అనుకున్నాను. "దుర్గావాళ్ళదో?" అన్నాను. "అది ఎలా తీస్తాను? అదే అసలు సంగతి. మా ప్రొఫెసరుగారు అదే మెచ్చుకున్నారు. పేర్లు పెట్టలేదులే వదినా." "పేర్లెందుకమ్మాయ్, మన తోటలోకి వచ్చే ఆడవాళ్ళెవరో ఊళ్ళో కుక్కలకి కూడా తెలుసు" అన్నాను. హైమ నా చెయ్యి పట్టుకుంది. "వాళ్ళకి మంచి జరగాలనే వదినా! ఆ రోజుల్లో బరువు మోయించకుండా నీడలో కాయలు ఏరే పని ఇవ్వాలని, పని మానిపించకూడదని కూడా రాశాను. అన్నయ్య వింటే కాదంటాడా?" అంది. ఆ నమ్మకం చూస్తే జాలేసింది. ఇంటి ఆడపిల్లకి అన్నయ్య ఒకలా కనిపిస్తాడు. పెళ్ళానికి, కూలికి ఇంకోలా కనిపిస్తాడు.

మీటింగు బాగా జరిగింది. జరిగినంతవరకూ. బడి ముందు పందిరి, ముందు వరుసలో కుర్చీల్లో మా ఆయన, ఊరి పెద్దలు, మా తోట కాపు కొన్న మైలవరం షావుకారు బసవపున్నారావుగారు. వెనక నేల మీద ఆడకూలీలు, పిల్లల్ని చంకనేసుకుని. మా అత్తగారు పట్టుచీర కట్టుకుని కూతురికి దిష్టి తగులుతుందని లోలోపల ఏదో అనుకుంటోంది. హైమ ఎంత బాగా చదివిందో! తెల్లవారకుండా లేచి గంజి కాచుకుని తోటకి నడిచే నడక, నెత్తి మీద గంప కింద చుట్టకుదురు జారితే మెడ పట్టేసే తీరు, పాలుతాగే పిల్లని ఏ చెట్టుకింద పడుకోబెట్టినా చీమలే. ఒక్క కష్టమైన మాట లేదు. వెనక నుంచి "అవునండీ, అవును" అని ఒకటే మాటలు. అచ్చమ్మ లేచి నిలబడి, "అచ్చం మా మాటేనండీ! కాయితంలోంచి మేమే మాట్టాడుతున్నాం" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. తమ బతుకు పుస్తకంలో ఉందని తెలిసినప్పుడు వాళ్ళ మొహాలు వెలిగిన తీరు నేను చూశాను, అది నిజం. ఆ ప్రైజు పెట్టినవాళ్ళు ఎవరో గాని, అది చూసి ఉంటే సంతోషించేవాళ్ళు.

తర్వాత హైమ పేజీ తిప్పి, "తోటల్లో ఆడవాళ్ళు ముట్టు రోజుల్లో కూడా ఆ సంగతి దాచిపెట్టి పనికి వస్తారు. దాచకపోతే పని పోతుంది" అని చదివింది. దాని కింద ఇంకా చాలా రాసింది, నీడలో పని, యజమానుల బాధ్యత, అవన్నీ చదివింది కూడా. ఎవరూ వినలేదు. ముందు వరుస వెనక్కి తిరిగింది. వెనక వరుస తలలు దించుకుంది. బసవపున్నారావుగారు మా ఆయన చెవిలో, "అంటే నేను కొన్న కాయ మీద ఇదంతా..." అని ఆగారు. చిన్నగానే అన్నారు, మైకు పక్కనే ఉండటంతో అందరికీ వినబడింది.

భోజనాల దగ్గర నా గారెలు ఎవరికీ రుచించలేదు. అందరూ వెళ్ళాక మా అత్తగారు పట్టుచీరతోనే గుమ్మంలో చతికిలబడి, "ముట్టు మనుషులు నా చెట్లన్నీ తగలేశారు! కిందటేడు పూత మాడింది ఎందుకనుకున్నారు మరి!" అని నెత్తి కొట్టుకుంది. కిందటేడు పూత మాడింది తేనెమంచు పురుగుకి. మందు కొట్టించమని నేనే చెప్పాను, "నీకేం తెలుసు" అన్నారు. మా ఆయన నావైపు తిరిగి, "గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు వెనక వాళ్ళ మొహాలు చూశాను. ఎవరెవరో చెప్పు. నువ్వేగా దీని వెంట తిరిగావు" అన్నారు. తెలీదన్నాను. "నీకు తెలుసు." తెలీదండీ అన్నాను మళ్ళీ. హైమ ఏడుస్తూ, "అన్నయ్యా, అందులో నేను రాసింది అది కాదు, వాళ్ళకి మేలు చెయ్యమని" అంటే, "నువ్వు ఊరుకో హైమా, నీకు ప్రైజు వచ్చింది, అది చాలు" అన్నారు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం. ఇక్కడ పాపం పిల్లి కూడా ఏడుస్తోంది.

మర్నాటి నుంచే రసాల కోతలు. అత్తగారే ఉపాయం చెప్పింది. తోట గేటు దగ్గర పళ్ళెంలో కర్పూరం వెలిగించాలి. ఒక్కొక్కత్తె దాన్ని అరచేత్తో ఆర్పి, తాను శుభ్రంగా ఉన్నానని ఒట్టేసి లోపలికి వెళ్ళాలి. ఒట్టెయ్యనివాళ్ళు ఆ సీజనంతా రానక్కర్లేదు. షావుకారు కూడా అలాగైతేనే కాయ కోయించుకుంటానన్నారు. "పళ్ళెం నువ్వు పట్టుకో. సాటి ఆడదానివి, నీ కళ్ళలోకి చూస్తూ అబద్ధమాడటానికి జంకుతారు" అన్నారు మా ఆయన. సాటి ఆడదాన్ని అని ఆయనకి గుర్తొచ్చింది ఆ పనికి.

సాయంత్రం దుర్గ పెరటి దడి దగ్గరికొచ్చింది. ఎప్పుడూ నవ్వే మొహం మాడిపోయి ఉంది. "అమ్మా, నాకు ఇవాళ మధ్యాహ్నమే అయింది" అంది. "మామూలుగా అబద్ధమాడమంటే పది ఆడతానమ్మా. కర్పూరం ఆర్పి ఆడలేను. ఆయన మంచంలో ఉన్నాడు. దీపం ఆర్పి ఒట్టేస్తే ఇంట్లో దీపమే ఆరిపోద్దంటారు. పోనీ మానేద్దామా అంటే, రేపు రానిదాన్ని ఈ సీజనుకి గేటు తొక్కనివ్వరుగా" అంది. నన్ను నిందించలేదు. నిందిస్తే బాగుండేది. "ఇంగ్లీషులో ఉన్నంతకాలం బానే ఉన్నాం కదమ్మా" అని మాత్రం అంది, చెంగుతో కళ్ళు తుడుచుకుని. లోపల అన్నం మాడు వాసన వస్తోందని అత్తగారు అరుస్తోంది.

పొద్దున్నే గేటు దగ్గర బండ్లు ఆగి ఉన్నాయి. షావుకారు బసవపున్నారావుగారు కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. ఆడవాళ్ళంతా ఖాళీ గంపలతో వరసలో నిలబడ్డారు. మాట లేదు, నవ్వు లేదు. దుర్గ మధ్యలో ఎక్కడో ఉంది. మా అత్తగారు కర్పూరం బిళ్ళలు పేర్చి వెలిగించి పళ్ళెం నా చేతికిచ్చింది. అది పట్టుకుని నిలబడితే నాకు చెప్పలేనంత విసుగొచ్చింది. భయం కాదు, కోపం కూడా కాదు, విసుగు. ఇరవై ఏళ్ళు కూడా నిండకుండా ఈ ఇంటికొచ్చినప్పటి నుంచి వీళ్ళు నా చేతికిచ్చిన పళ్ళేలన్నీ గుర్తొచ్చాయి. వడ్డించే పళ్ళెం, హారతి పళ్ళెం, వియ్యాలవారి కాళ్ళు కడిగిన పళ్ళెం. ఇప్పుడిది. వరసలో ముందున్న మనిషి నా ముందుకొచ్చి చెయ్యి చాపబోయింది. నేను వెనక్కి తిరిగి, పళ్ళెంతో సహా గేటు దాటి తోటలోకి నడిచాను. మొదటి వరసలో ఉన్న పెద్దరసం చెట్టు, కిందికి వేలాడుతూ విరగ్గాసింది. దాని మొదలు మీద అరచెయ్యి ఆనించాను.

"ఏవండీ" అన్నాను, అందరికీ వినబడేలాగే. "నాకు ముట్టు."

మా ఇంటి మగవాళ్ళ ముందు ఆ మాట ఆ పేరుతో ఏ ఆడదీ అని ఉండదు. అత్తగారు పరుగెత్తుకొచ్చి గేటు దగ్గర ఆగిపోయి, "ఏమిటే! మొన్ననేగా నువ్వు..." అంది. "నాదెప్పుడూ అంతేగా అత్తయ్యా. అరిష్టం తాగుతున్నానుగా" అన్నాను. చేతిలో కర్పూరం ఇంకా వెలుగుతోంది, ఇంక దానిమీద ఎవరు ఒట్టేసినా చెల్లదు. చెయ్యి చెట్టు మీద ఉంది. యజమాని భార్యే తోట అంటు చేసేసిందంటే ఆ కాపు నష్టం ఎవరిది? ఈ మాట మైలవరం దాటి బెజవాడ మార్కెట్టు చేరితే ఆ పండు ఎవరు కొంటారు? ఇవన్నీ నేను అడగలేదు. మా ఆయన మొహంలోనూ, బసవపున్నారావుగారి మొహంలోనూ ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడటం చూశాను. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అన్నట్టు మా ఆయన షావుకారు వైపు చూశారు.

ముందుగా తేరుకున్నది షావుకారే. వ్యాపారం చేసే మనిషి కదా. గట్టిగా గొంతు సవరించుకుని, "ఆఁ, ఏముందిలే అమ్మాయ్. చెట్టుకి ఇవన్నీ ఉంటాయా? కాయకేం తెలుస్తుంది!" అన్నారు. తర్వాత మా ఆయనతో, "కృష్ణారావుగారూ, ఎండెక్కుతోంది. పనిలోకి దించండి. ఇక్కడ ఎవరూ ఏమీ అనలేదు, ఎవరూ ఏమీ వినలేదు" అన్నారు. రాత్రి దాకా చెట్లు తగలబడ్డాయన్న మనుషులే వీళ్ళు. ఇంకో మాట లేకుండా మా ఆయన గేటు బార్లా తీశారు. ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు లోపలికొచ్చారు. దుర్గ నా పక్క నుంచి వెళ్ళేటప్పుడు తల ఎత్తలేదు. నాలుగడుగులు వేశాక గంప నెత్తికెత్తుకుని, అచ్చమ్మని ఏదో కేకేసింది, మామూలుగా.

ఇంటికొచ్చాక జరిగింది జరిగింది. మా ఆయన, "నలుగురు మగాళ్ళ ముందు పరువు తీశావు. కాస్త లోపలికొచ్చి చెబితే ఏం పోయింది?" అన్నారు. లోపలికొచ్చి చెబితే గేటు తెరిచేవారా అని అడగలేదు, ఆయనకి ఆ ప్రశ్న అర్థమవదు. అత్తగారు మాత్రం ఎక్కువ మాట్లాడలేదు. కొష్టం పక్క గది వైపు నడవబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది. "ఎక్కడికి? చెట్టు ముట్టుకుంటే లేని తప్పు పొయ్యి ముట్టుకుంటే వస్తుందా? కాయకే తెలీనిది అన్నానికేం తెలుస్తుంది? నీళ్ళు పోసుకుని వంటకి తగలడు. ఇకనుంచి ఈ ఇంట్లో బయట చేరడాలు లేవు" అంది. పంతం అనుకున్నాను, రెండు రోజుల్లో తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు. ఆ గది నిండా వరిగడ్డి పరిచి కాయలు మాగేశారు. సీజను నడిబొడ్డున, ఇంటి నిండా మనుషులతో, నిజంగా నా రోజులొచ్చినప్పుడు కూడా రుబ్బురోలు ముందే కూర్చున్నాను. నడుం రెండు ముక్కలైపోతుంటే పొత్రం తిప్పుతూ, నేనేం పోగొట్టుకున్నానో లెక్కేసుకున్నాను. ఆ సుఖం నాకుందని ఈ ఇంట్లో ఎవరికీ తెలీదు కాబట్టి, అది పోయిందనీ ఎవరికీ తెలీదు. కర్పూరం పళ్ళెం మాత్రం మళ్ళీ తోటకి వెళ్ళలేదు. దుర్గ సీజనంతా గంప మోసింది.

కోతలు అయిపోయి, చివరి లారీ వెళ్ళాక, హైమ హాస్టలుకి ప్రయాణమైంది. ప్రొఫెసరుగారు ఇంకో రెండేళ్ళుండి పెద్ద డిగ్రీకి రాయమన్నారట. ప్రైజు వచ్చినవాళ్ళని యూనివర్సిటీ వదులుకోదట. ఆ సీజనంతా అది నాతో సరిగా మాట్లాడలేదు, నా మొహం చూడలేక. వెళ్ళే రోజు మధ్యాహ్నం నేను పిండి రుబ్బుతుంటే వచ్చి పక్కన కూలబడింది. అలవాటు లేని చేత్తో రోట్లోకి పప్పు తొయ్యబోతే వేలు నలుగుతుందని వారించాను.

"వదినా, ఆ రోజు గేటు దగ్గర... నిజంగానే నీకు..."

"లేదు" అన్నాను.

"నీ సంగతి ఆ పుస్తకంలోంచి తీసేసి నిన్ను కాపాడాననుకున్నాను. వాళ్ళని అక్కడ వదిలేసి నిన్నొక్కదాన్నే కాపాడాను. తప్పు చేశాను వదినా. ఇంకెప్పుడూ తెలుగులో రాయను. ఇంగ్లీషులోనే రాసుకుంటాను, ఎవరికీ అర్థం కాకుండా, ఎవరికీ హాని లేకుండా" అంది.

"అచ్చమ్మ లేచి నిలబడింది చూశావుగా, దానికేం చెబుతావు?" అన్నాను. "రాయి. వాళ్ళ సంగతి రాసేముందు, అచ్చెయ్యకముందే, వాళ్ళకి చదివి వినిపించు. ఉంచమన్నది ఉంచు, తీసెయ్యమన్నది తీసెయ్యి."

"మరి నీది?"

పొత్రం ఆపాను. చెయ్యి నొప్పితో లాగేస్తోంది. లోపలి గదిలో మా ఆయన భోజనం చేసి గుర్రుపెట్టి నిద్రపోతున్నారు, ఆయనకి లేవగానే కాఫీ కావాలి.

"నాది ఒక్కటీ తియ్యకు. ఆ రోజు నాకు ముట్టు లేదని రాయి. నెలకి రెండోసారి ఎప్పుడూ లేదని రాయి. పెద్దింటి కోడలు అనొద్దు, నాగేశ్వరమ్మ అని నా పేరు పెట్టు. అలిసిపోయింది అని రాయి. తేలిక మాటల్లో రాయి హైమా, మీ అన్నయ్యకి అర్థమవ్వాలి."